సెస్నా 172లో ఇంటర్నెట్: స్టార్‌లింక్ మినీ ఎక్కడ పెట్టాలి, కరెంట్ ఎలా ఇవ్వాలి?

డెంటన్172:
నమస్తే అండి. టెక్సాస్‌లో సెస్నా 172ఎస్ (నాలుగు సీట్ల చిన్న విమానం), 28 వోల్టుల సిస్టమ్, వీఎఫ్‌ఆర్ (బయటికి చూస్తూ నడిపే) ప్రయాణాలే. 6,500 అడుగుల్లో ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోలేం. దారిలో వాతావరణం తెలియాలి, వెనక సీట్లో వాళ్లకు వాట్సాప్ రావాలి. స్టార్‌లింక్ మినీ (చిన్న శాటిలైట్ ఇంటర్నెట్ యాంటెన్నా) ఒక్కటి సరిపోతుందా? విమానానికి రంధ్రాలు పెట్టకుండా కుదరాలి.

టెయిల్‌విండ్:
ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి వైఫై మాత్రం ఆన్ చేయండి. టవర్ల యాంటెన్నాలు నేలవైపు వంచి ఉంటాయి, పైకి చిందే సిగ్నలే మనకు దొరికేది. పైగా ఎఫ్‌సీసీ (అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ) నిబంధన 22.925 ప్రకారం 800 మెగాహెర్ట్జ్ సెల్యులార్ ఫోన్‌ను గాల్లో వాడకూడదు.

మినీ పనిచేస్తుంది, కానీ అంతా పెట్టే చోటును బట్టే ఉంటుంది. 172 కప్పు అల్యూమినియం కాబట్టి దాని కింద పెడితే సిగ్నల్ రాదు. సామాన్ల అరలో, వెనక అద్దం కింద, ముఖం ఆకాశంవైపు ఉండేలా పెట్టండి. రెక్కలు కొంత అడ్డొస్తాయి, గట్టిగా మలుపు తిప్పితే కాసేపు తెగుతుంది. గ్లేర్‌షీల్డ్ (ముందు అద్దం కింది ప్యానెల్ పైభాగం) మీద ఆకాశం బాగానే కనిపిస్తుంది గానీ అక్కడ బయటి చూపుకు అడ్డం, అద్దంలో నీడ పడుతుంది, దిక్సూచి కూడా దగ్గరే. ఎక్కడ పెట్టినా నేలమీదే ఇంజిన్ నడుస్తుండగా ఆన్, ఆఫ్ చేసి దిక్సూచి, జీపీఎస్, రేడియో మూడూ గమనించండి.

బరువు 1.1 కిలో. కుదుపుల్లో ఎగిరొచ్చి తలకు తగలకుండా పట్టీతో కట్టాలి. స్క్రూలతో బిగిస్తే మాత్రం అది ఇన్‌స్టలేషన్ అవుతుంది, ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) ఆమోదం కావాలి.

ఎలక్ట్రికల్_పిచ్చి:
కరెంట్ దగ్గరే ఎక్కువమంది ఇబ్బంది పడతారు. మినీ 12 నుంచి 48 వోల్టుల డీసీ తీసుకుంటుంది కాబట్టి మీ సాకెట్ 28 వోల్టులదైతే దాని నుంచి నేరుగా నడుస్తుంది. వాడేది సగటున 25–40 వాట్లు. యూఎస్‌బీ-సీ దారిలో వెళ్తే 20 వోల్టులు, 5 ఆంపియర్లు ఇచ్చే 100 వాట్ల పీడీ (పవర్ డెలివరీ) ఛార్జర్ ఉండాలి. అంతకన్నా చిన్నదైతే మాటిమాటికీ రీబూట్ అవుతుంది, సన్నటి పొడవాటి కేబుల్‌తోనూ అదే జరుగుతుంది. ఇంజిన్ స్టార్ట్ చేశాకే కలపండి. 99 వాట్-అవర్ పవర్‌బ్యాంక్ అయితే రెండు, మూడు గంటలు ఆశించొచ్చు.

ఎండలో మూసి ఉంచిన కాక్‌పిట్‌లో దీన్ని వదిలెయ్యకండి. దాని పరిమితి 50 డిగ్రీల సెల్సియస్.

మేఘం_దాటి:
వాతావరణానికి దీనిమీద ఆధారపడొద్దండీ. అమెరికాలో ఏడీఎస్-బీ (విమానాల స్థానాలు పంచుకునే రేడియో వ్యవస్థ) ద్వారా ఫిస్-బీ (విమానాలకు వాతావరణ సమాచార ప్రసారం) ఉచితం: 978 మెగాహెర్ట్జ్‌లో రాడార్, మెటార్ (విమానాశ్రయాల్లో ప్రస్తుత వాతావరణం), టాఫ్ (వాటి వాతావరణ అంచనా), టీఎఫ్‌ఆర్ (తాత్కాలిక గగనతల ఆంక్షలు) అన్నీ వస్తాయి. స్ట్రాటక్స్ లాంటి రిసీవర్, టాబ్లెట్ ఉంటే చాలు. నేలమీద రాకపోతే కంగారు పడకండి, స్టేషన్‌కు అడ్డం లేకుండా ఎత్తుకెళ్లాక వస్తుంది.

రాడార్ బొమ్మ మీద చూపే సమయం కన్నా అసలు డేటా 15–20 నిమిషాలు పాతదై ఉండొచ్చని ఎన్‌టీఎస్‌బీ (అమెరికా రవాణా భద్రతా బోర్డు) 2012లోనే హెచ్చరించింది. ఇంటర్నెట్‌లో వచ్చే, చాలా రాడార్లను కలిపిన బొమ్మకూ (మొజాయిక్) ఆలస్యం తప్పదు. తుఫాను మేఘాన్ని దూరం నుంచే చుట్టి వెళ్లడానికి వాడండి, రెండు మేఘాల మధ్య సందు వెతకడానికి వద్దు.

డెంటన్172:
థాంక్యూ అండి. స్టార్‌లింక్ ప్లాన్‌లో వేగ పరిమితి అంటున్నారు, 172కి అది అడ్డమా?

టెయిల్‌విండ్:
అడ్డమే కావచ్చు. చూడాల్సింది గ్రౌండ్ స్పీడ్, అదీ గంటకు మైళ్లలో. 120 నాట్లంటే 138 మైళ్లు, 20 నాట్ల వెనకగాలి తోడైతే 161. 100 మైళ్ల పరిమితి ఉన్న ప్లాన్ మీకు పనికిరాదు.

మేఘం_దాటి:
ఇండియాకు వెళ్లేటప్పుడు మినీ, ఇన్‌రీచ్ (శాటిలైట్ మెసేజ్ పరికరం) లాంటివి పెట్టెలో పెట్టుకోకండి. టెలికాం శాఖ అనుమతి లేకుండా శాటిలైట్ పరికరం దొరికితే విమానాశ్రయంలోనే కేసు పెట్టొచ్చు.