ఒంగోలు నుంచి నెల్లూరుకు 12,000 పుస్తకాలు, ముగ్గురు సిబ్బంది: ఏది ముందు?

ఒంగోలు_స్టాక్‌రూమ్
రెండు పరిశోధన గ్రంథాలయాలు కలుస్తున్నాయి. ఒంగోలు నుంచి నెల్లూరుకు 12,000 సంపుటాలు, వాటితోపాటు ఒక అసిస్టెంట్ లైబ్రేరియన్, ఇద్దరు రికార్డ్ అసిస్టెంట్లు వెళ్లాలి. క్యాటలాగు సాఫ్ట్‌వేరు ఇక్కడ సోల్, అక్కడ కోహా. యాక్సెషన్ నంబర్లు (పుస్తకం చేరినప్పుడు రిజిస్టరులో ఇచ్చే వరుస సంఖ్యలు) రెండుచోట్లా 1 నుంచే మొదలు. లారీ మాట్లాడకముందే ఏమేం తేల్చుకోవాలి?

పెన్నా_క్యాటలాగ్
ముందు నంబర్ల సంగతి చూడండి. యాక్సెషన్ నంబరునే బార్‌కోడుగా వాడతాం కదా, కోహాలో ఒక బార్‌కోడు ఒక్క ప్రతికే ఉంటుంది. 4521 నెల్లూరులోనూ ఉంటే మీ 4521 లోపలికి రాదు. ఒంగోలు ప్రతులన్నిటికీ నంబరు ముందు రెండు మూడు అక్షరాలు చేర్చండి, అంతే. పుస్తకం లోపల సిరాతో రాసిన పాత నంబరును, సీక్రెట్ పేజీ (గ్రంథాలయం తన గుర్తు కోసం ఎంచుకున్న లోపలి పేజీ) ముద్రను కొట్టేయొద్దు. ఏళ్ల తరబడి పరిశోధకులు సిద్ధాంత గ్రంథాల్లో చూపించింది ఆ నంబర్నే.

సోల్ నుంచి ఐఎస్‌ఓ 2709 (గ్రంథాలయ రికార్డుల మార్పిడి ఫార్మాట్) ఫైలు తీస్తే శీర్షిక, రచయిత వగైరా వస్తాయి. ప్రతుల వివరం మాత్రం కోహాలో ప్రతుల కోసం ఉన్న 952 ఫీల్డులో తనంతట తాను కుదురుకోదు. మ్యాపింగ్ చేసి (ఏ వివరం ఏ ఫీల్డులోకో కలిపి), ముందు 50 రికార్డులు మాత్రమే స్టేజ్ చేసి (అసలు క్యాటలాగులో కలపకుండా ఎక్కించి) చూడండి. అను ఫాంట్లలో (యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లు) కొట్టిన పాత డేటా ఉంటే ముందే యూనికోడ్‌లోకి మార్చాలి. మార్చాక ‘క్ష’, ‘ఱ’, ఒత్తులు ఒక్కొక్కటీ కంటితో చూడాల్సిందే. పాత తెలుగు పుస్తకాలకు ఐఎస్‌బీఎన్ ఉండదు కాబట్టి దానితో డూప్లికేట్లు పట్టుకోవాలనుకుంటే సగం తప్పిపోతాయి. శీర్షిక, రచయిత, ముద్రణ సంవత్సరం మూడూ కలిపి సరిచూడండి.

కందుకూరు_పాఠకుడు
ముద్రల గురించి ఒక మాట. కందుకూరు 1970కి ముందు నెల్లూరు జిల్లా, ఆ తర్వాత ప్రకాశం, 2022 ఏప్రిల్‌లో మళ్లీ నెల్లూరులోకి వెళ్లింది. వేటపాలెం ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది. స్థానిక చరిత్ర పుస్తకాల మీద పాత జిల్లా పేరుతో ఉన్న ముద్రను ‘సరిచేస్తే’ ఆ ప్రతి ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే ఆధారం పోతుంది. కొత్త ముద్ర పక్కన వేయండి. రికార్డులో పాత పేరు, కొత్త పేరు రెండూ ఉంచండి.

గోదాము_లెక్క
సంపుటం సగటున 600 గ్రాములనుకుంటే పెట్టెకు 25 చొప్పున 15 కిలోలు. అంతకు మించితే అడుగు అట్ట జారుతుంది. మొత్తం 480 పెట్టెలు, 7 టన్నుల పైమాటే. అరలు మీటరుకు 30 చొప్పున 400 మీటర్లు కావాలి. అవి నెల్లూరులో సిద్ధంగా లేకపోతే పెట్టెలు నేల మీదే ఉండిపోతాయి, చెదలు పట్టేది అప్పుడే.

పుస్తకం వెన్ను కిందికి ఉండేలా పెట్టండి. తెరుచుకునే అంచు కిందికి పెడితే బరువుకు కుట్టు ఊడుతుంది. పెళుసుబారిన పత్రికల బైండ్లు పడుకోబెట్టి, నూలు నాడాతో కట్టండి, రబ్బరు బ్యాండ్లు వద్దు. తాళపత్రాలను వాటి చెక్కలతో సహా గుడ్డలో చుట్టి విడి పెట్టెలో పంపండి, పైన ఏమీ పెట్టకూడదు. పెట్టె మీద అర నంబరు, మొదటి, చివరి కాల్ నంబర్లు (అరలో పుస్తకం చోటు చెప్పే వర్గీకరణ సంఖ్యలు) రాయండి. వర్గీకరణ మార్చాలనిపించినా ఇప్పుడు ముట్టుకోవద్దు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాన, తుపాన్ల కాలం. జనవరి తర్వాతే లారీ ఎత్తండి.

ఒంగోలు_స్టాక్‌రూమ్
మరి సిబ్బంది సార్? ఆర్డర్లు ముందే వచ్చేట్టున్నాయి.

సర్వీసు_రూల్స్
ముగ్గురినీ ఒకేరోజు రిలీవ్ చేయనివ్వకండి. ఒక రికార్డ్ అసిస్టెంట్ ముందు వెళ్లి అరలకు నంబర్లు వేయాలి. రెండో ఆయన చివరి పెట్టె లారీ ఎక్కేదాకా ఒంగోలులోనే ఉండాలి. స్టాకు అసిస్టెంట్ లైబ్రేరియన్ చార్జిలో ఉంటుంది గనక, రెండు వైపులా జాబితాలు కలిసి సంతకాలయ్యాకే ఆయనకు రిలీవింగ్ ఆర్డరు, ఎల్‌పీసీ (చివరి జీతం సర్టిఫికెట్). లేకపోతే తగ్గిన ప్రతి పుస్తకం ఆయన పేరు మీదే నిలుస్తుంది.

రెండూ వేర్వేరు యాజమాన్యాలైతే దాన్ని బదిలీ అని రాసి ఊరుకుంటే చాలదు. డిప్యుటేషనా, విలీనమా అన్నది ఆర్డరులోనే ఉండాలి. డిప్యుటేషన్ అయితే పాత పోస్టు మీద లీన్ (తిరిగి వచ్చే హక్కు), గడువు, పెన్షన్ చందా ఎవరు కడతారన్నది రాయించుకోండి. విలీనమైతే సీనియారిటీ ఏ తేదీ నుంచో రాయాలి. సర్వీసు రిజిస్టరులో సెలవు ఖాతా ఆ రోజు వరకు నింపించుకుని, సీపీఎస్ (చందాతో నడిచే పెన్షన్ పథకం) వాళ్లు ప్రాన్ నంబరు (శాశ్వత పెన్షన్ ఖాతా సంఖ్య) సరిచూసుకోవాలి.

పెన్నా_క్యాటలాగ్
దానికి తోడు ఇంకొకటి. పెట్టెలు కట్టకముందే స్టాకు తనిఖీ అవ్వాలి. పాత లోటు వేరే జాబితాగా రాసి రెండు వైపులా సంతకాలు పెట్టించండి. కేంద్ర సంస్థయితే జీఎఫ్‌ఆర్ (సాధారణ ఆర్థిక నియమాలు) 2017లో 215వ నియమం చూడండి: ఏడాదిలో ఇచ్చిన లేదా చదివిన ప్రతి 1000 సంపుటాలకు 5 వరకు పోవడాన్ని సహజ నష్టంగా ఒప్పుకుంటుంది. వెయ్యి రూపాయలు దాటిన పుస్తకం గానీ అరుదైనది గానీ పోతే మాత్రం విచారణే. నెల్లూరుకు వెళ్లినవి ఈ లోటులో కలపకండి. వాటిని ఒంగోలు రిజిస్టరులో ‘బదిలీ’ అని, ఆర్డరు నంబరు, తేదీతో రాయాలి.

ఒంగోలు_స్టాక్‌రూమ్
సరేనండి. రేపే తనిఖీ మొదలుపెడుతున్నాం, అ నుంచి ఔ దాకా తెలుగు అరలు ముందు.