క్యూబేసిక్: ఫైల్ చదివేటప్పుడు 14వ వరస నుంచి అంకెలు పక్కకి జరుగుతుండాయి

కోట కుర్రోడు:
రొయ్యల గుంటల లెక్క టెక్స్ట్ ఫైల్‌లో ఉంది, దాన్ని క్యూబేసిక్‌లో (పాత డాస్ కాలం ప్రోగ్రామింగ్ భాష) చదవాలి. వరసకి నాలుగు: గుంట పేరు, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు), కిలోలు, రేటు. మొత్తం 38 వరసలు. ఈఓఎఫ్(1), అంటే ఫైల్ చివర, వచ్చేదాకా తిరిగే లూప్‌లో ఇన్‌పుట్ #1, పేరు$, కౌంట్, కిలో, రేటు అని చదివిస్తుండా. 13 దాకా బానే ఉంది. 14లో పేరు దగ్గర 310, కౌంట్ 0. చివర్లో ఎర్రర్ 62, ఇన్‌పుట్ పాస్ట్ ఎండ్ ఆఫ్ ఫైల్. ఏందన్నా ఇది?

పెన్నా గట్టు:
తప్పు 14లో లేదు తమ్ముడూ, 13లో చూడు. పేరు "మైపాడు, 3" అన్నట్టు మధ్యలో కామాతో ఉంటుంది. ఇన్‌పుట్ # కి కామా అన్నా, వరస చివర అన్నా ఒకటే, రెండిటి దగ్గరా తెంచుతుంది. 3 పోయి కౌంట్‌లో పడింది, అసలు కౌంట్ 40 కిలోల్లో, అసలు కిలోలు 1850 రేటులో. మిగిలిన రేటు 310 తర్వాతి వరస పేరైంది. అంకె కావాల్సిన చోట అక్షరాలొస్తే సున్నా వేసుకుని పోతుంది, అందుకే అక్కడ ఆగలేదు. మిగతా వరసలన్నీ సరిగ్గా ఉన్నాయనుకుంటే, ఫైల్‌లో 152 విలువలు ఉండాల్సింది 153 ఉన్నట్టు. 38 సార్లు చదివాక ఒకటి మిగిలింది, ఈఓఎఫ్ ఇంకా రాలేదు, 39వసారి పేరు దొరికింది, కౌంట్ దొరకలేదు. అదే 62.

ఆ పేరుని డబుల్ కోట్స్‌లో పెట్టు, సరిపోతుంది. ఫైల్ చివర ఖాళీ వరస ఉన్నా ఇదే ఎర్రర్, అదీ తీసెయ్.

ఒంగోలు గిత్త:
కోట్స్ ప్రతిసారీ ఎవరు పెడతారు? లైన్ ఇన్‌పుట్ #1, వ$ అని వరస మొత్తం తెచ్చుకో. ఖాళీ అయితే వదిలెయ్. తర్వాత లెన్(వ$), అంటే వరస పొడవు, నుంచి 1 దాకా స్టెప్ -1తో వెనక్కి వస్తూ, మిడ్$తో ఒక్కో అక్షరం చూస్తూ కుడివైపు నుంచి మూడు కామాలు పట్టుకో. మూడు ముక్కలూ వాల్‌తో (అక్షరాలను అంకెగా మార్చేది) అంకెలు చెయ్, ఎడమ మిగిలిందంతా పేరే, అందులో ఎన్ని కామాలున్నా.

అర్రేలో (ఒకే పేరు కింద నంబర్లతో విలువల వరస) పెట్టేట్టయితే, దాని సైజు చెప్పే డిమ్ మర్చిపోవద్దు. డిమ్ లేకపోతే 0 నుంచి 10 దాకానే, 11 దగ్గర ఎర్రర్ 9, నంబర్ హద్దు దాటిందని.

కోట కుర్రోడు:
పేరు కుదిరింది. కానీ 27లో కౌంట్ 1, కిలోలు 850.

ఒంగోలు గిత్త:
అక్కడ 1850ని 1,850 అని రాసుంటారు. ఆ కామా పేరులోదా అంకెలోదా అని ఈ కోడ్‌కి తెలీదు, ఫైల్‌లోనే దిద్దాలి. ఇకమీదట కామా బదులు ట్యాబ్‌తో విడదీసి, కోడ్‌లో కామా బదులు సీహెచ్‌ఆర్$(9), అంటే ట్యాబ్, వెతుకు. అప్పుడు కూడా వాల్‌కి ఇచ్చే ముందు కామాలు తీసెయ్యి. వాల్ కామా దగ్గర ఆగిపోతుంది, 1,850 కిలోలు 1 కిలో అవుతాయి, ఎర్రర్ కూడా రాదు. 62 కన్నా ఇదే ప్రమాదం.

పెన్నా గట్టు:
ఇంకోటి. పైన డెఫ్‌ఇంట్ ఎ-జెడ్ (అన్ని వేరియబుల్స్‌నీ ఇంటీజర్ చేసేది) పెట్టుంటే 1850 × 310 దగ్గర ఎర్రర్ 6, ఓవర్‌ఫ్లో. ఇంటీజర్ 32,767 దాటదు. జవాబు దాచే వేరియబుల్‌ని లాంగ్ (ఇంకా పెద్ద అంకెలు పట్టే రకం) చేసినా లాభంలేదు, గుణించేది ఇంటీజర్‌లోనే. కిలోలనే లాంగ్ చెయ్.