బై వర్చ్యూ ఆఫ్‌ని "సుగుణముచేత" అని రాసి నవ్వులపాలయ్యాను

తెనాలి_లేఖరి:
అందరికీ నమస్కారం. ఒక దస్తావేజు లేఖరి దగ్గర ఎనిమిది నెలలుగా పని నేర్చుకుంటున్నాను. మొన్న ఒక పెద్దాయన వచ్చారు. అన్నగారి అబ్బాయి డాలస్‌లో ఉంటాడట. ఊళ్లో స్థలం అమ్మిపెట్టమని ఈయన పేరున ఇంగ్లిష్‌లో జీపీఏ (తన తరఫున వ్యవహరించే అధికారమిచ్చే పత్రం) రాసి పంపాడు. సేల్ డీడ్ మేం తెలుగులో రాయాలి. అందులో "బై వర్చ్యూ ఆఫ్" అని ఉంది. ఫోన్‌లో డిక్షనరీ తీస్తే వర్చ్యూ అంటే సుగుణం అంది. నేను "సదరు జీపీఏ యొక్క సుగుణముచేత నాకు కలిగిన అధికారముతో" అని టైపు చేసి ఇచ్చేశాను. గురువుగారు కళ్లజోడు పైకి నెట్టుకుని రెండుసార్లు చదివారు. మూడోసారి గట్టిగా చదివారు! పెద్దాయన "మావాడు గుణవంతుడే నాయనా, కాగితానికి కూడా గుణముంటుందని ఇప్పుడే వింటున్నా" అన్నారు. షాపంతా ఒకటే నవ్వు.

నాకు రెండు డౌట్లు. దీనికి సరైన తెలుగు ఏంటి? అసలు మంచి గుణానికీ స్థలం అమ్మడానికీ ఏం సంబంధం, ఆ మాట అక్కడికెలా వచ్చింది?

పాత_గుమాస్తా:
తమ్ముడూ, "సదరు జీపీఏ వలన నాకు సంక్రమించిన అధికారముతో" అని రాసెయ్. పదవి గురించైతే "రీత్యా" పెట్టు. ఉపరాష్ట్రపతి హోదా రీత్యా రాజ్యసభ చైర్మన్ అంటాం కదా, అక్కడ ఇంగ్లిష్‌వాడు ఇదే ముక్క వాడతాడు. స్థలం హద్దులు మాత్రం డిక్షనరీ చూసి రాయకు.

రిటైర్డ్_ఇంగ్లిష్_మాస్టారు:
బాబూ, మీ వాక్యం తప్పే. కానీ మీరనుకున్నంత తప్పు కాదు. ముప్పై ఏళ్లు ఇంగ్లిష్ చెప్పినవాణ్ణి, కాస్త ఓపిగ్గా వినండి.

లాటిన్‌లో విర్ అంటే మగవాడు. మన "వీర" దానికి చుట్టమే. దాన్నుంచి వచ్చిన విర్టుస్‌కి మొదటి అర్థం మగతనం, యుద్ధంలో చూపించే తెగువ. పురుషుడి నుంచి మనకు పౌరుషం వచ్చినట్టే అన్నమాట. మన పౌరుషం మాత్రం ఇప్పటికీ ఉప్పూ కారం తింటూ అక్కడే ఉండిపోయింది, వాళ్లది సాధువైంది. మధ్యలో ఇంకో అర్థం ఉంది, మీకు కావలసింది అదే: శక్తి, పని చేసే సత్తా. కాగితానికి ఉన్న శక్తి వల్ల నాకు అధికారం వచ్చింది అని చెప్పడమే బై వర్చ్యూ ఆఫ్. వర్చువల్ అన్న మాటా ఈ గింజ నుంచి మొలిచిందే.

చిన్నప్పుడు నాకు కడుపునొప్పి వస్తే మా అమ్మ వాము దంచి, చిటికెడు ఉప్పు కలిపి, గోరువెచ్చని నీళ్లతో మింగించేది. గంట ఆగి తలుపు దగ్గర నుంచే "గుణం కనిపించిందా?" అని అడిగేది. ఆమె అడిగింది నా బుద్ధి గురించి కాదు, మందు పని చేసిందా అని. 17వ శతాబ్దపు ఇంగ్లిష్ మూలికల పుస్తకాల్లో ప్రతి మొక్క కిందా దాని "వర్చ్యూలు" రాసేవారు, అంటే ఏ రోగానికి పనికొస్తుందో. కాబట్టి మీ పెద్దాయనకు చెప్పండి, కాగితానికీ గుణముంటుంది, వాముకు ఉన్నట్టే.

ఒంగోలు_అమ్మాయి:
మాస్టారూ, చిన్నప్పటి నుంచీ నాకున్న చిక్కు ఒకటి మీ మాటతో తీరింది. పన్నెండేళ్లుగా రక్తస్రావంతో బాధపడుతున్న స్త్రీ యేసు వస్త్రం ముట్టుకునే ఘట్టం మార్కు 5వ అధ్యాయంలో ఉంది కదండీ. 1611 నాటి ఇంగ్లిష్ బైబిల్లో ఆయనలోంచి "వర్చ్యూ" బయటికి పోయింది అని ఉంటుంది. మంచితనం బయటికి పోవడమేంటి అనుకునేదాన్ని. మా తెలుగు బైబిల్లో అక్కడ ప్రభావము అని ఉంది. తెలుగులోనే సూటిగా తెలుస్తోంది.

ఇంకో మాట. ఈ మగతనం మాట ఆడవాళ్ల దగ్గరకొచ్చేసరికి ఇంగ్లిష్‌లో పాతివ్రత్యం ఒక్కటే అయి కూర్చుంది. అయినా వాళ్లనే అనడం ఎందుకు? మన "శీలం" చూడండి. బౌద్ధుల పంచశీలలో ప్రాణం తీయకపోవడం, దొంగతనం చేయకపోవడం, అబద్ధమాడకపోవడం అన్నీ శీలమే. స్కూల్లో మగపిల్లలకు శీల నిర్మాణం అని పాఠం చెప్పారు. అదే మాట అమ్మాయి పేరు పక్కన పెడితే వీధిలో అందరికీ ఒకే అర్థం.

రిటైర్డ్_ఇంగ్లిష్_మాస్టారు:
నిజమేనమ్మా. ఆ పాఠం చెప్పినవాళ్లలో నేనూ ఉన్నాను.

హైదరాబాద్_ఐటీ:
మరి వర్చ్యూ సిగ్నలింగ్‌కి తెలుగేంటి గురూ? మా ఆఫీసు గ్రూప్‌లో పర్యావరణ దినోత్సవం నాడు మొక్కతో ఫొటో పెట్టినవాడే రోజూ ప్లాస్టిక్ కప్పులో నాలుగు టీలు తాగుతాడు.

పాత_గుమాస్తా:
"చూశారా నేనెంత మంచోణ్ణో" అంటే సరిపోదా?

తెనాలి_లేఖరి:
అందరికీ థాంక్సండీ. "సంక్రమించిన అధికారముతో" అనే రాశాం, నిన్న రిజిస్ట్రేషన్ కూడా అయిపోయింది. మాస్టారు చెప్పిన వాము సంగతి గురువుగారికి చదివి వినిపించాను. ఏమీ అనలేదు. నా పాత డ్రాఫ్ట్ మాత్రం చింపకుండా బీరువా తలుపుకు లోపలివైపు అతికించుకున్నారు. స్టాంపుల కోసం తలుపు తీసినప్పుడల్లా ఆయన నవ్వు వినపడుతోంది.