అస్తరు వేసిన కళ్లజోడు కేసు: అసలు తోలా, కాదా?

ప్రశ్న:
ఆన్‌లైన్‌లో చేతికుట్టు కళ్లజోడు కేసు చూశాను, 1,800 రూపాయలు. లోపల వెల్వెట్ అస్తరు, అంచులకు నల్లరంగు. తోలు వెనకవైపు, కోసిన అంచు రెండూ కనబడవు. 'జెన్యూన్ లెదర్' అని ముద్ర ఉంది. నమ్మొచ్చా?

జవాబు 1:
ముద్రను నమ్మకండి. చర్మాన్ని రెండు పొరలుగా చీల్చి, కిందిపొర మీద పీయూ (పాలియురెథేన్ అనే ప్లాస్టిక్) పూత వేసినదానికీ అదే ముద్ర కొడతారు. అదీ తోలే గానీ, మడత దగ్గర పూత పగిలి పెచ్చులుగా లేస్తుంది. మూత వంచి భూతద్దంతో చూడండి. పైపొర తోలైతే సన్నటి ముడతలు పడతాయి, వెంట్రుక కుదుళ్ల గుంటలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. ఒకే మచ్చ కొలిచినట్టు మళ్లీ మళ్లీ వస్తే అది అచ్చు. అయితే అసలు తోలు మీదా అచ్చు వేస్తారు కాబట్టి దీనొక్కదానితో తేల్చకండి.

జవాబు 2:
ప్రెస్ బటన్ ఉంటే దాని రంధ్రం అంచు చూడండి, అక్కడ సాధారణంగా రంగు పూయరు. పీచు చిక్కుపడి ఉంటే తోలు. నేత గుడ్డ కనబడితే రెక్సిన్. పీచు మీద మెరిసే ప్లాస్టిక్ పొర విడిగా కనబడితే పూత వేసిన కిందిపొర.

ప్రశ్న అడిగినవారు:
బటన్ లేదండీ, అయస్కాంతం. కాల్చి చూడమంటున్నారు కొందరు. నీటి చుక్క పరీక్షో?

జవాబు 3:
నీటి చుక్క వద్దు. పైన ఫినిష్ ఉన్న మంచి తోలూ నీరు పీల్చదు. పూత లేని, చెట్టు బెరడుతో పదును చేసిన తోలైతే (మన తంగేడు చెక్క ఒకప్పుడు ఇందుకే వాడేవారు) చుక్క ఇంకి మచ్చ మిగులుతుంది, కేసు పాడవుతుంది.

కాల్చాలంటే కేసును కాదు, అమ్మేవారిని 2×5 సెంటీమీటర్ల కత్తిరింపు ముక్క అడగండి. చేత్తో కుట్టేవారి దగ్గర ముక్కలు మిగులుతూనే ఉంటాయి. వెనకవైపు నుంచి నాలుగు పోగులు లాగి ఆరుబయట కాల్చండి. తోలు పోగు కాలిన వెంట్రుక వాసన వేసి, నలిపితే బూడిదవుతుంది. ప్లాస్టిక్ కరిగి ఉండకడుతుంది. పైవైపు కాలిస్తే అసలు తోలు మీది ఫినిష్ కూడా ప్లాస్టిక్ వాసనే వేసి మోసం చేస్తుంది.

జవాబు 1:
ఒకటి చేర్చాలి. తోలు పొడిని జిగురుతో అచ్చుపోసిన బాండెడ్ రకమూ వెంట్రుక వాసన వేస్తుంది. ఆ ముక్కను చించి చూడండి: అట్టముక్కలా సులువుగా చినిగి, పొట్టి పీచు రాలితే అదే. తోలు చేత్తో లాగితే అంత తేలిగ్గా చినగదు.