బెల్టులో పడి రెండు వేళ్ళు పోయాయి, 5 వేలు ఇచ్చి ముద్ర వేయించుకున్నారు. ఏం చేయాలి?

రాయగడ_బావ: మా బావమరిది ఇక్కడి రైస్ మిల్లులో హెల్పరు. పోయిన మంగళవారం ఎలివేటర్ బెల్టు కింద ఊక లాగుతుంటే కుడిచేతి వేళ్ళు రెండు పోయాయి. మిషన్ ఆపితే లోడు నిలిచిపోతుందని సూపర్‌వైజర్ ఆపనివ్వడు. ఆసుపత్రిలో ఇంటి దగ్గర మోటారు తగిలిందని రాయించారు. ఒడియాలో ఉన్న కాగితం మీద ఎడమచేతి వేలిముద్ర వేయించుకుని 5 వేలు ఇచ్చారు. వాడికి ఒడియా మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ఈఎస్ఐ (కార్మికుల బీమా) వస్తుందా? ఆ కాగితం చెల్లుతుందా?

ఫిట్టర్22: 22 ఏళ్ళు పేపర్ మిల్లులో చేశాను. ముందు ఇది చెప్పు బాబూ, గ్లవ్స్ వేసుకున్నాడా?

రాయగడ_బావ: వేసుకున్నాడు. నూలువి. కాంట్రాక్టరే ఇచ్చాడు.

ఫిట్టర్22: కొంప ముంచింది అదే. తిరిగే వాటి దగ్గర గ్లవ్స్ వేసుకోకూడదు. చర్మం తగిలితే గీసుకుపోతుంది. నూలు తగిలితే చెయ్యి మొత్తం లాక్కుంటుంది.

వెల్డర్_తమ్ముడు: ఇదెక్కడి మాట గురువు గారూ? మా ప్లాంటులో గ్లవ్స్ లేకపోతే గేటు దాటనివ్వరు.

ఫిట్టర్22: నువ్వు వెల్డర్‌వి, నీకు తోలువి కావాలి. లేత్ (ఇనుము తిప్పుతూ కోసే మిషన్) ముందు గ్లవ్స్ వేసుకున్న వాణ్ణి నేను చేత్తో పక్కకి లాగేశాను. మా బ్యాచ్‌లో అందరికీ పది వేళ్ళూ ఉన్నాయి.

వెల్డర్_తమ్ముడు: అంటే తప్పు వేళ్ళు పోయినవాడిదే అంటారు! బెల్టుకి గార్డు (చెయ్యి పడకుండా ఉండే మూత) ఎందుకు లేదో మాత్రం అడగరు.

ఫిట్టర్22: అడిగాను. గార్డు ఉంటే ఊక తీయడం ఆలస్యమని విప్పేసేది మీలాంటి కుర్రాళ్ళే.

వెల్డర్_తమ్ముడు: విప్పమన్నది ఎవరో?

జీడిపిక్క: గ్లవ్స్ అంటే మాకు నవ్వొస్తుంది. పర్లాకిమిడి పక్క జీడిపిక్కలు ఒలుస్తాం. గ్లవ్స్‌తో పప్పు పట్టు చిక్కదు, కూలి కిలో లెక్క. బూడిద, ఆముదం రాసుకుని కూర్చుంటాం. అయినా జీడి రసం తగిలి చర్మం నల్లబడి పొరలు ఊడుతుంది. పెళ్ళిళ్ళకి చేతులు కొంగులో దాచుకుని వెళ్తాను.

లెక్కల_మామ: బావ గారూ, మిల్లు ఈఎస్ఐ కింద ఉండి జీతం 21 వేల లోపైతే, పనిలో ప్రమాదానికి మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. కాంట్రాక్టర్ కట్టకపోతే మిల్లు వాళ్ళు కట్టాలి. పనికి వెళ్ళలేని రోజులకి జీతంలో 90 శాతం వస్తుంది. ఈఎస్ఐ లేకపోతే యజమానే పరిహారం ఇవ్వాలి. 1923 పరిహార చట్టం షెడ్యూల్లో ఒక చేతి రెండు వేళ్ళు పోతే సంపాదన శక్తిలో 20 శాతం నష్టమని ఉండేది. హక్కు వదులుకున్నామని ముద్ర వేయించుకున్నా అది చెల్లదు.

గుణుపూర్_కుర్రాడు: 20 శాతమా! ఆ చేత్తో వాడు పలుగు పట్టగలడా?

క్రషర్_బాధితుడు: వేళ్ళు కనపడతాయి కాబట్టి అడుగుతున్నారు. రాళ్ళు పిండి చేసే క్రషర్ దుమ్ముతో ఊపిరితిత్తులు పోయిన మా అన్నకి టీబీ మందులే మింగించారు. దుమ్ము అణచడానికి నీళ్ళ పైపు ఉంది, తనిఖీ రోజునే తిప్పుతారు.

కోడ్_తెలుసు: అందరూ పాత పాటే. 2025 నవంబర్ 21 నుంచి కొత్త కార్మిక కోడ్‌లు (చట్టాలు) వచ్చాయి. కరెంటు వాడే చోట 20 మంది ఉంటేనే ఫ్యాక్టరీ. ఆ మిల్లులో అంతమంది ఉంటారా?

లెక్కల_మామ: అది ఫ్యాక్టరీ లెక్క నాయనా. ఈఎస్ఐకి 10 మందే. సగం చదివి భయపెట్టకు.

కోడ్_తెలుసు: నేను భయపెట్టానా? చదువుకున్నవాడిని అంటే మీకు పడదు.

రాయగడ_బావ: గొడవ ఆపండి బాబూ. ఇవాళ మిల్లుకి వెళ్ళాను. మంగళవారం హాజరులో వాడి పేరు మీద అడ్డగీత ఉంది. కింద సిరా ఇంకా కనిపిస్తోంది.

లెక్కల_మామ: ఫోటో తీశారా?

రాయగడ_బావ: తీయబోతే పుస్తకం లాక్కున్నారు. కానీ వాడికి టీ ఇచ్చే కొట్టతను ఆ ఉదయం చూశానంటున్నాడు.

లెక్కల_మామ: రేపే కార్మిక శాఖకి అర్జీ పెట్టండి. ఆ టీ కొట్టతని పేరు, పక్కన పనిచేసిన ఇద్దరి పేర్లు రాయండి. మీ దగ్గర నకలు ఉంచుకుని దాని మీద అందినట్టు ముద్ర వేయించుకోండి.

జీడిపిక్క: టీ కొట్టతను మిల్లు వాళ్ళకి భయపడడా అన్నా?