సముద్రపు ఒడ్డున సెలవులు, సగంలో ఆగిన కుట్టుపని: వెంట ఏది తీసుకువెళ్ళాలి?

ప్రశ్న (బరంపురం నుండి)

పిల్లల బడికి వేసవి సెలవులు ఇవ్వగానే మేము గోపాల్‌పూర్‌లోని మా పిన్నిగారి ఇంటికి వెళ్ళి 20 రోజులు ఉంటాము. ఇక్కడికి 16 కిలోమీటర్ల దూరమే అయినా, ఇంటి పనుల ఒత్తిడి లేని రోజులు నాకు ఏడాదిలో అవే కాబట్టి, మొదలుపెట్టి వదిలేసిన కుట్టుపని అంతా మూటగట్టి తీసుకువెళ్తాను. నిరుడు చేతి మిషను కూడా తీసుకువెళ్ళాను. నాలుగో రోజుకే సూది తుప్పు పట్టి, మా అమ్మాయి తెల్లని నూలు గౌను మీద గోధుమరంగు గీత పడింది. దానితో పాటు విప్పి పెట్టిన బరంపురం పట్టు జాకెట్టు ముక్క జరీ కూడా మసకబారింది.

ఈసారి నా దగ్గర మిగిలిన పని ఇది: చెల్లెలికి పుట్టబోయే బిడ్డ కోసం అమ్మ పాత నూలు చీరలతో బొంత, ఆరు చీరలకు ఫాల్స్, హుక్కులూ కాజాలూ మిగిలిపోయిన నాలుగు జాకెట్లు, అమ్మాయికి పట్టు పరికిణీ. వీటిలో ఏవి అక్కడ పూర్తవుతాయి, ఏవి ఇంట్లోనే ఉంచాలి? ఆ గౌను మీద మరక పోయే దారి ఏమైనా ఉందా?

జవాబు (పర్లాకిమిడి నుండి)

అమ్మా, పట్టు పరికిణీని మాత్రం దయచేసి తీసుకువెళ్ళకండి. పట్టుకు చెమటా ఉప్పూ రెండూ పడవు. తడిసిన పట్టుపోగు బలం తగ్గుతుంది కనుక, చెమ్మగిల్లిన వేళ్ళతో లాగి కుట్టిన చోట బట్ట తరువాత నలిగి చిట్లుతుంది. అంత శ్రమపడి నేసిన పట్టును ఆ గాలిలో విప్పి పెట్టడం నాకు మనసొప్పని పని.

మిగిలిన వాటిని చేతి పని, మిషను పని అని వేరు చేయండి. కత్తిరింపు, మిషను కుట్లు బయలుదేరే ముందు వారంలోనే ఇంట్లో ముగించి, జాకెట్లను హుక్కులు కుట్టే దశకు తెచ్చుకోండి. ఫాల్స్ బట్టను ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి చుట్టి పెట్టుకోండి. నానబెట్టకుండా కుట్టిన ఫాల్ మొదటి ఉతుకులోనే కుంచించుకుపోయి చీర అంచును ముడతలు పెడుతుంది. విప్పి మళ్ళీ కుట్టే శ్రమ నాకు బాగా తెలుసు.

బొంత విషయంలో ఒక్క జాగ్రత్త చాలా అవసరం. చీరల పొరలను పరచి, సరిచేసి, నడుమ నుండి అంచుల వైపు జానెడేసి దూరంలో పొడవాటి టాకాలు వేసే పని మీ ఇంటి నేల మీదనే చేయండి. పిల్లలు ఇసుక కాళ్ళతో తిరిగే ఇంట్లో పొరలు పరిస్తే, మధ్యలో చిక్కిన ఇసుక ఎంత దులిపినా పోదు, పసిబిడ్డ ఒంటికి అది గుచ్చుకుంటుంది. టాకాలు వేసి చుట్టిన బొంతను ఒడిలో పెట్టుకుని, ఎప్పుడు పిలిస్తే అప్పుడు ఆపి లేవవచ్చు. సెలవుల్లో చేయడానికి ఇంతకంటే తగిన పని నాకు కనిపించదు. పసివాళ్ళకు గజం పొడవు, గజం వెడల్పు చాలు కనుక 20 రోజుల్లో తప్పక పూర్తవుతుంది.

జవాబు (ఛత్రపురం నుండి, దర్జీ)

పై సలహాలన్నీ సరైనవే కాని, సముద్రం దగ్గర మిషను పనికిరాదన్న భయం పెట్టుకోకండి. మేము ఏళ్ళ తరబడి ఈ గాలిలోనే మిషను మీద బతుకుతున్నాము. గాలితో వచ్చి ఇనుము మీద వాలిన ఉప్పు తేమను పీల్చుకుని నిలుపుతుంది కాబట్టి, వాన చుక్క పడకపోయినా తుప్పు పడుతుంది. అందువల్ల ముందు పొడి గుడ్డతో ఉప్పును తుడవాలి, ఆ తరువాతే నూనె వేయాలి. తుడవకుండా నూనె వేస్తే ఉప్పు, దుమ్ము కలిసి షటిల్‌లో జిగురులా పేరుకుంటాయి. నూనె వేశాక పాత గుడ్డ మీద నాలుగు వరుసలు కుట్టి చూసి, మరక లేదని తేలాకే మంచి బట్ట పెట్టండి.

మీ గౌను మీద గీత ఎలా పడిందో నేను ఊహించగలను. కుట్టు సగంలో ఆపి, సూదిని బట్టలోకి దింపి రాత్రంతా వదిలేసి ఉంటారు. పని ఆపగానే బట్టను మిషను కింద నుండి తీసివేయండి, సూదిని విప్పి నూనె అద్దిన గుడ్డలో గుచ్చి పెట్టండి. మరక మీద నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో ఉంచి ఉతకండి, అవసరమైతే మళ్ళీ చేయండి. తెల్లని నూలు బట్టకు మాత్రమే ఈ పద్ధతి. బ్లీచింగ్ పొడి ఎంతమాత్రం వాడవద్దు, దానితో తుప్పు మరక మరింత గట్టిపడుతుంది.

జవాబు (గోపాల్‌పూర్ నుండి)

మాది ఒడియా వారు నోలియాలని పిలిచే తెలుగు మత్స్యకార కుటుంబం. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవలకు వేట నిషేధం కనుక, మీరు వచ్చే రోజుల్లో మా వాళ్ళు నీడలో కూర్చుని వలలు బాగుచేసుకుంటూ కనిపిస్తారు. వాళ్ళు చల్లని పొద్దుటి పూటనే ఎక్కువ పని తెముల్చుకుంటారు. మధ్యాహ్నం దాటాక గాలి లేచి ఇసుక కొడుతుంది, ఆ వేళ వరండాలో తెల్లబట్ట విప్పవద్దు. సూదులను కాగితం పొట్లంలో కాక, బిగుతైన మూత ఉన్న డబ్బాలో పెట్టుకోండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. దర్జీగారు చెప్పినది నిజమే, ఆ గౌనును సూది కిందనే వదిలి పిల్లలతో ఒడ్డుకు వెళ్ళాను. మిషనును ఎలా కాపాడుకోవాలో తెలిసినా, రోజూ తుడిచి నూనె వేసే ఓపిక సెలవుల్లో నాకు ఉండదు కనుక ఈసారి దానిని ఇంట్లోనే ఉంచుతాను. పట్టు పరికిణీ తిరిగి వచ్చాక 11 నంబరు సూదితో కుడతాను. జాకెట్ల మిషను కుట్లు ఈ ఆదివారానికి ముగించాలి. ఆరు ఫాల్స్ ఈ రాత్రికే నానబెట్టాను, ముదురు రంగువి రెండు వేరే గిన్నెలో.