బ్రేక్ దర్శనంలో ఉండేది ఏ బ్రేక్?

అలిపిరి:
నిన్న తిరుపతి విష్ణునివాసం దగ్గర తిరుమల దర్శనం టోకెన్ల లైన్లో ఒకాయన వాళ్ల పాపకు చెప్తా ఉండాడు, "బ్రేక్ దర్శనం అంటే మన లైనుకు బ్రేకేసి వీఐపీలను పంపేది" అని. నేను ఇన్నాళ్లూ విరామం అనుకుంటా ఉండా, సర్వదర్శనానికి నడిమధ్యలో వచ్చే విరామం. ఇంగ్లీషులో రెండిటికీ స్పెల్లింగ్ వేరు, మనం రెండిటినీ ఒకే మాదిరి రాస్తాం. ఇది విరిగే బ్రేకా, బండి ఆపే బ్రేకా?
ఇంకోటి. అప్పటి నుంచి అన్నమయ్య చరణం ఒకటి సగమే గుర్తొస్తా ఉండాది. "... పాపము తీరదు పుణ్యము". మొదటి మాట విరగదా, తెగదా? తెగదు అయితే అదీ ఈ బ్రేకు కిందికే వస్తుందా?

పీలేరు పండిట్:
తెగదు. "తెగదు పాపము తీరదు పుణ్యము, నగి నగి కాలము నాటకము". 'నానాటి బ్రదుకు నాటకము' పాటలో మూడో చరణం. ఈ తెగడం దారం తెగడం కాదు స్వామీ. బేరం తెగలేదు, తగువు తెగలేదు అంటామే, అది. పాపం లెక్క ఒక కొలిక్కి రాదని. పక్కనే తీరదు ఉంది, చూసుకోండి. బ్రేకుకూ దీనికీ చుట్టరికం లేదు.

చిత్తూరు ఇంగ్లీష్ టీచర్:
టికెట్ మీద ఇంగ్లీషులో ఉండేది విరిగే బ్రేకే. ఎల్1, ఎల్2, ఎల్3 అని మూడు రకాలుండి 2019లో తీసేసినప్పుడూ అదే, ఇప్పుడు శ్రీవాణి ట్రస్టుకు 10,000 రూపాయలు విరాళమిచ్చి 500 టికెట్ తీసుకున్నా అదే. మొదటి ప్రశ్న అక్కడికి అయిపోయింది.
నాకు ఆసక్తి వేరే దాని మీద. మనం ఈ మాటను తెచ్చుకుని అర్థాలన్నీ మన క్రియల చేతిలో పెట్టాం. సినిమావాడికి బ్రేక్ వచ్చింది అంటే దశ తిరిగింది. పెళ్లిమాటలకు బ్రేక్ పడింది అంటే ఆగిపోయాయి. రికార్డు బ్రేక్ చేశాడు, మధ్యాహ్నం బ్రేక్ ఇచ్చారు, సడన్‌గా బ్రేక్ కొట్టాడు. వచ్చిందా పడిందా అన్నదాంట్లోనే బతుకు తారుమారు. ఇంగ్లీషువాడు స్పెల్లింగుతో చేసే పని మనం పక్క మాటతో చేస్తున్నాం, చెవికి ఎక్కడా తికమక లేదు.

ఘాట్ డ్రైవర్ (రిటైర్డ్):
సార్, స్పెల్లింగు టికెట్ అచ్చేసినోళ్లది. లైన్లో నిలబడినోడికి అది ఆపే బ్రేకే. మా ఊళ్లల్లో బ్రేక్ అంటే ముందు గుర్తొచ్చేదే అది. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ లైసెన్సు చూస్తాడు, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చూస్తాడు, పర్మిట్ చూస్తాడు. జనం మాత్రం బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అనే పిలుస్తారు.
తిరుమల కొండ ఎక్కేది 1974 నాటి రెండో ఘాట్ రోడ్డు, దిగేది 1944లో వేసిన పాతది. దిగేటప్పుడు కాలు పెడల్ మీదే పెట్టుకోని వస్తే లైనర్లు కాలిన వాసనొస్తాది, ఆ తర్వాత ఎంత తొక్కినా పట్టదు. గేరు తగ్గించుకోని ఇంజను మీద బండిని పట్టి దించాల. మేము బ్రేక్ ఫెయిల్ ఒకటి, బ్రేక్ డౌన్ ఒకటి అంటాం. మొదటిది ఆపేది, రెండోది విరిగేది. ఏ క్లీనరూ దాన్ని దీన్ని కలపడు.

తిరుచానూరు అమ్మ:
ఇంగ్లీషువాళ్లకు అన్నిటికీ ఒకటే మాట చాలు. మన ఇంట్లో అట్ల కుదురుతుందా? గ్లాసు పగులుతుంది, పుల్ల విరుగుతుంది, దారం తెగుతుంది. టెంకాయ కొడతాం. పాలు విరుగుతాయి, దానికి వాళ్లు ఈ మాటే వాడరు. పొద్దున టిఫినుకు పెట్టుకున్న పేరు చూస్తే ఉపవాసం విడవడమని. మనకు అది ఏకాదశి మరుసటి రోజు పారణ, రోజూ తినే ఇడ్లీ కాదు.
ఇంతకంటే పెద్ద సంగతి, పుస్తెలతాడు తెగితే తెగింది అననే అనం. పెరిగింది అంటాం. మా అత్త నా నోట తెగింది అన్న మాట వస్తే అరిచేది. ఇంట్లో అంత భయపడే మాటను అన్నమయ్య చరణానికి మొదట్లోనే పెట్టినాడు. పండిట్ గారూ, మీ బేరం అర్థం కుదరొచ్చు. నాకు మాత్రం అక్కడ తాడే కనిపిస్తుంది. ఎంత గుంజినా తెగని తాడు.

పీలేరు పండిట్:
అమ్మా, తాడు బాగుంది. కానీ ముందు చరణంలోనే "వొడి గట్టుకొనిన వుభయ కర్మములు" అంటాడు. పాపపుణ్యాలు రెండూ ఒళ్లో మూట. ఆ మూట లెక్క తెగాలి, తీరాలి. నా పట్టు నాదే.
మాట వచ్చింది కాబట్టి, పల్లవిలో 'బ్రదుకు' అనండి. రేవతి రాగంలో 'బ్రతుకు' అని వినీ వినీ చెవులు అలవాటు పడిపోయాయి.

కుప్పం:
మా పక్క 'బదుకు' అనే పాడతారు పండిట్ గారూ. ర వత్తు లేదు. కన్నడంలోనూ అదే మాట, అదే అర్థం.

పీలేరు పండిట్:
కన్నడం దాకా పోనక్కర్లేదు నాయనా. మన పల్లెల్లో ర వత్తు జారిపోవడం కొత్తా? ప్రొద్దు పొద్దు అయింది, క్రింద కింద అయింది, బ్రదుకు బదుకు అయింది. తాళ్లపాకవారిది మన సీమ పలుకు. కవయిత్రి వెంగమాంబదీ మా పక్క తరిగొండే. కానీ పాటలో ఆ వత్తు నోటికి తగిలినప్పుడు వచ్చే బరువు వేరు.

చిత్తూరు ఇంగ్లీష్ టీచర్:
పండిట్ గారూ, జారినదాన్నే మీరు మళ్లీ ఎక్కిస్తున్నారు.

అలిపిరి:
అందరికీ దండాలు. అయితే నాకొకటి తోస్తా ఉండాది. సర్వదర్శనం కంపార్ట్‌మెంట్ల దగ్గర మనోళ్లు "లైన్ ఆపినారు" అని ఒకసారంటారు, "లైన్ తెగ్గొట్టినారు" అని ఇంకోసారంటారు. ఆపితే డ్రైవరన్న బ్రేకు, తెగ్గొడితే టీచరు గారి బ్రేకు. రెండో లెక్కన తెగడమే బ్రేక్ అయింది కదా, చుట్టరికం ఉన్నట్టేగా?

ఘాట్ డ్రైవర్ (రిటైర్డ్):
తెగ్గొట్టిన లైను మళ్లా అతుక్కుంటాది. ఆపినాక వదిలేదే గదా అది. నేను ఒప్పుకోను.

పీలేరు పండిట్:
తెగ్గొట్టడం వేరు, తెగడం వేరు. బేరం తెగితే సరుకు చేతికొస్తుంది, తెగ్గొడితే చెడుతుంది. దీన్ని అన్నమయ్య మీద రుద్దొద్దు.

కుప్పం:
అది సరే, ఆ ఒడి చరణంలోనే "గడి దాటినపుడే కైవల్యము" అని ఉంది గదా. గడి అంటే ఊరి ఎల్లా, పులిజూదంలో గడా? మా తాత రెండోదే అనేవాడు.

తిరుచానూరు అమ్మ:
ఎల్లే. కర్మల మూట ఎత్తుకోని ఎల్ల దాటేది.

పీలేరు పండిట్:
ఎల్లే, సందేహం లేదు. అయితే పులిజూదం మాట కొట్టేయబాకండి, పైన 'నాటకము' ఉంది కాబట్టి ఆట అర్థం కొంచెం పనికొస్తుంది. పుస్తకం తీసి రాత్రికి రాస్తాను.